గట్టిగా ఉండాలి, పనికి లొంగాలి: బ్యాటరీ లోపలి పొర గురించి

(అమలాపురంలో ఇంజనీరింగు విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక పాలిమర్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. అధ్యాపకులకు, ఊరి పెద్దలకు, నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. వెనుక నిలబడ్డవారు దయచేసి ముందుకు రండి, ఇక్కడ రెండు బల్లలు ఖాళీగా ఉన్నాయి. నేను ఈ రోజు చూపించబోయే వస్తువు దూరం నుండి కనబడేది కాదు.

ఇదిగో, ఇది చూడండి. చూడటానికి తెల్ల కాగితంలా ఉంది, కాగితం కాదు. పట్టుకుంటే పట్టుగుడ్డలా జారుతోంది, గుడ్డ కాదు. ఇది పాలిఎథిలీన్. పచారీ కొట్లో పప్పులు పోసి ఇచ్చే పల్చని కవరు ఏ జాతి పదార్థమో, ఇదీ ఆ జాతిదే. మందం 12 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఇలాంటి పొరలు ఆరు పేరిస్తే ఒక వెంట్రుక మందం అవుతుంది. మరి పప్పుల కవరులోంచి అవతలి వస్తువు కనబడుతుంది కదా, అంతకంటే పల్చనిదైన ఈ పొర ఇంత తెల్లగా ఎందుకుంది? ముందు వరుసలో ఉన్న అమ్మాయిని ఒకసారి రమ్మంటాను. రా అమ్మా. దీని మీద ఒక నీటి చుక్క వెయ్యి. చూశారా, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. ఇప్పుడు ప్రథమ చికిత్స పెట్టెలోని ఈ స్పిరిట్ ఒక చుక్క వెయ్యి. చుక్క పడిన చోట తెలుపు మాయమై, కింద ఉన్న నీ వేలి గీతలు కనబడుతున్నాయి కదా? ఒక నిమిషం ఆగితే స్పిరిట్ ఆరిపోయి ఆ చోటు మళ్ళీ తెల్లబడుతుంది. ఎందుకంటే ఈ పొర నిండా రంధ్రాలే. మైక్రాన్‌లో పదో వంతు, అంతకంటే చిన్నవి. ఘనపరిమాణంలో దాదాపు నూటికి 40 వంతులు ఖాళీ. ఆ ఖాళీల్లో ఉన్న గాలి వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి తెల్లగా కనబడుతోంది. ఖాళీలను ద్రవం నింపగానే వెలుతురు తిన్నగా దాటిపోతోంది. బ్యాటరీ లోపల కూడా ఇది ఇలాగే ఎలక్ట్రోలైటు అనే ద్రవంతో తడిసి ఉంటుంది.

దీనిని సెపరేటర్ అంటారు. మీ జేబులో ఉన్న ఫోను బ్యాటరీలోనూ, బయట ఆగి ఉన్న ఈ-ఆటో లిథియం బ్యాటరీలోనూ ధన, రుణ ధ్రువాల మధ్య ఇదే ఉంటుంది. రెండు ధ్రువాలు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే షార్ట్. కానీ లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లిథియం కణాలు, మాత్రం అటూ ఇటూ తిరగాలి. ఎలక్ట్రాన్‌కు గోడ, అయాన్‌కు తలుపు. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. దానికి దారి వేసిన వారిలో ఒకరైన అకిరా యోషినో 2019లో జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్‌లతో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. యోషినో పనిచేసిన అసాహీ కాసేయి సంస్థ ఇటువంటి పాలిఎథిలీన్ పొరలను స్వయంగా తయారు చేసే సంస్థ. బ్యాటరీ అనగానే అందరూ లిథియం గురించి, కోబాల్ట్ గురించి మాట్లాడతారు. ఈ పొర గురించి ఎవరూ మాట్లాడరు. నా ఉద్యోగ జీవితమంతా దీనితోనే గడిచింది కాబట్టి, దీని తరఫున మాట్లాడటానికి వచ్చాను.

దీని నుండి మనం ఏమి కోరుతున్నామో కాస్త ఆలోచించండి. సెల్ తయారు చేసేటప్పుడు ధ్రువాల రేకులతో పాటు దీనిని కూడా యంత్రం వేగంగా లాగి చుడుతుంది. అప్పుడు తెగకూడదు, తెగకపోవడమే కాదు, సాగకూడదు కూడా. పొడవుగా సాగిందంటే వెడల్పు తగ్గి, అంచున ధ్రువాలు బయటపడతాయి. అందుకని అమెరికాలోని బ్యాటరీ కన్సార్టియం అనే కూటమి ఒక లక్ష్యం పెట్టింది: చదరపు సెంటీమీటరుకు సుమారు 70 కిలోల లాగుడు దగ్గర నూటికి 2 వంతుల కంటే తక్కువ సాగాలి. 70 కిలోలంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ 10 సెంటీమీటర్ల వెడల్పు, 12 మైక్రాన్ల మందం ఉన్న పొర అడ్డుకోత ఎంత? ఒక చదరపు సెంటీమీటరులో నూటికి 1.2 వంతులు. లెక్క కడితే 840 గ్రాములు. కిలో కూడా కాదు. అంత చిన్న బరువుకే ఆ యంత్రం ముందు ఈ పొర జాతకం తేలిపోతుంది. అది లాగుడు సంగతి. ఇక గుచ్చుకోవడం ఉంది. ధ్రువాల మీది పొడి రేణువులు గరుకుగా ఉంటాయి, రేకుల అంచుల్లో కోసినప్పుడు మిగిలిన సన్నని మొనలు ఉంటాయి. ఒక మిల్, అంటే 25 మైక్రాన్ల మందానికి, కనీసం 300 గ్రాముల పోటును ఆపాలని అదే కన్సార్టియం లక్ష్యం. ఇంత బలం కావాలి, అయినా నిండా రంధ్రాలుండాలి, అయినా వెంట్రుకలో ఆరో వంతు మందమే ఉండాలి. వీటన్నిటికీ తోడు, కిలోమీటర్ల పొడవున, ఒక్క చిల్లు లేకుండా, రోజంతా యంత్రం మీద నడవాలి. ఈ చివరి కోరికనే నేను పనికి లొంగే గుణం అంటున్నాను. ప్రయోగశాలలో చేతివెడల్పు పొర చేసి గొప్ప బలం చూపించడం వేరు, యంత్రం మీద రాత్రీ పగలూ నడపడం వేరు.

సరే, బలమే కావాలంటే బలమైన పాలిఎథిలీన్‌నే తీసుకోవచ్చు కదా? మీలో చాలామందికి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. అసలు బలం ఎక్కడిది? పాలిఎథిలీన్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. పొట్టి జుట్టుకు చిక్కు పడదు, మోకాళ్ళ దాకా ఉన్న జడకు పడుతుంది. గొలుసు ఎంత పొడవైతే చిక్కు అంత ఎక్కువ. లాగినప్పుడు ఆ చిక్కులే ఒకదానినొకటి పట్టుకొని ఆపుతాయి. గొలుసు పొడవును అణుభారంతో చెబుతాం. మామూలు పాలిఎథిలీన్ అణుభారం కొన్ని పదివేల నుండి రెండు మూడు లక్షల దాకా ఉంటే, అత్యధిక అణుభార రకానిది పది లక్షలు దాటుతుంది. మరి దానిని కరిగించి డై, అంటే సన్నని చీలిక ఉన్న అచ్చు, లోంచి పొరగా తీయాలంటే అడ్డుపడేది ఏది? ఆ చిక్కులే. బలం ఇచ్చేదీ అవే, పనికి లొంగకుండా చేసేదీ అవే. ఇది మీరు మరచిపోకూడని మాట. బలం, లొంగుబాటు అనేవి రెండు వేర్వేరు గుణాలు కావు. ఒకే కారణానికి రెండు ముఖాలు.

ఆ కారణం ఎంత కఠినమైనదో ఒక అంకె చెబుతాను, రాసుకోండి: 3.4. కరిగిన పాలిమర్ చిక్కదనం, అంటే స్నిగ్ధత, అణుభారం 3.4వ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. అణుభారం రెట్టింపయితే చిక్కదనం పదిన్నర రెట్లు అవుతుంది. అణుభారం పదింతలయితే చిక్కదనం రెండువేల అయిదువందల రెట్లు. కానీ బలం అలా పెరగదు. మొదట్లో పెరిగి, తరువాత నెమ్మదించి, ఒక స్థాయి దగ్గర దాదాపు నిలిచిపోతుంది. అంటే ఒక దశ దాటాక పిసరంత బలం కోసం కొండంత చిక్కదనం కొనుక్కుంటున్నాం.

ఇది నేను పుస్తకంలో చదివి కూడా నేర్చుకోలేదు, యంత్రం దగ్గర నేర్చుకున్నాను. నేను మొదట చేరిన కర్మాగారంలో, దాని పేరు ఇక్కడ అవసరం లేదు, పోటుకు ఆగే బలం చాలడం లేదని కొనుగోలుదారు రోల్స్ తిప్పి పంపాడు. అణుభారం ఎక్కువ ఉన్న రకాన్ని వాడదామని నేనే పట్టుబట్టాను. ఆ రాత్రి షిఫ్టులో ఎక్స్‌ట్రూడర్, అంటే పాలిమర్‌ను కరిగించి స్క్రూతో డై లోకి నెట్టే యంత్రం, దాని మోటారు లోడు పెరుగుతూ పోయింది. డై పెదవుల దగ్గర పొర ఉపరితలం గరుకుగా, సొరచేప తోలులా వచ్చింది. పరిశ్రమలో దానిని షార్క్ స్కిన్ అనే పిలుస్తారు. చిక్కదనం తగ్గాలని వేడి పెంచాం. నునుపు వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తెల్లవారి ప్రయోగశాలలో పొరను పరీక్షిస్తే బలం పాత పొర కంటే తక్కువ ఉంది! ఏం జరిగింది? అంత వేడిలో, స్క్రూ అంత బలంగా నలిపినందుకు పొడవాటి గొలుసులు తెగిపోయాయి. ఎక్కువ ధర పెట్టి పొడవాటి గొలుసులు కొని, మా చేతులతో మేమే తుంచి పొట్టివి చేసుకున్నాం. పైగా సరిగా కరగని గింజలు పొర మీద చేప కళ్ళలా మిగిలాయి. వాటిని ఫిష్ ఐ అంటారు, ఒక్కో కన్ను దగ్గరా చిల్లే. ఆ రోజు కాటా వేసి తుక్కులో పడేసిన రోల్స్ నాకిప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి.

మరి దారి ఏమిటి? మనకు దగ్గరి దాని నుండే చెబుతాను. ఆత్రేయపురం ఎంత దూరం ఇక్కడికి? పూతరేకు తీయడం మీలో చాలామంది చూసే ఉంటారు. బోర్లించిన కుండ, దాని కింద మంట. నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండిని పల్చగా జారుగా చేసి, పల్చని గుడ్డను అందులో ముంచి, కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. క్షణంలో నీరు ఆవిరై, పొర కుండను వదిలి లేస్తుంది. బియ్యపు పిండిలో ఉన్నదీ పాలిమరే, స్టార్చి గొలుసులే. ఎండు పిండిని కుండ మీద ఎంత రుద్దినా రేకు రాదు. నీళ్ళు కలిపితేనే ఆ గొలుసులు కదులుతాయి, పరుచుకుంటాయి. ఆ నీరు అక్కడే ఉండిపోతే అది జావ, రేకు కాదు. నీళ్ళు లేకపోతే పిండి పరుచుకోదు, నీళ్ళు పోకపోతే పొర నిలవదు. ఇంకొకటి గమనించారా? రేకు బాగా ఎండితే మడవబోగానే పెళుసుగా విరుగుతుంది. అందుకని నెయ్యీ పంచదారా వేసి చుట్టే ముందు తడిగుడ్డతో అలా అద్దుతారు. ఆ కాస్త తేమకు రేకు మెత్తబడి మడతకు లొంగుతుంది. పాలిమర్ శాస్త్రంలో ఇటువంటి తేమను ప్లాస్టిసైజర్ అంటాం. ఆ పేరు వినకపోయినా, ఎంత తడి ఎంతసేపు అద్దాలో ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ వేళ్ళకు కచ్చితంగా తెలుసు.

బలానికీ లొంగుబాటుకూ మధ్య ఎక్కడో సగం దగ్గర రాజీ పడటం కాదు మనం చేయవలసింది. రెంటినీ వేర్వేరు సమయాల్లో తెచ్చుకోవాలి. పొర తయారయ్యేటప్పుడు లొంగుబాటును అప్పు తెచ్చుకోవాలి. పొర తయారయ్యాక ఆ అప్పు తీర్చేయాలి. తడి పద్ధతి అని పిలిచే విధానం అచ్చంగా ఇదే. పాలిఎథిలీన్‌ను పారాఫిన్ నూనెతో కలుపుతారు. కొంచెం కాదు, మిశ్రమంలో నూనెదే పెద్ద వాటా, పాలిమర్ సుమారు మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. జంట స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో దాదాపు 200 డిగ్రీల దగ్గర రెండూ ఒకటే ద్రవం అవుతాయి. జడ చిక్కుకు కొబ్బరినూనె పట్టించినట్టు, గొలుసులు ఒకదాని నుండి ఒకటి దూరం జరుగుతాయి, చిక్కులు పలచబడతాయి. ఇప్పుడు అది డై లోంచి తేలిగ్గా జారుతుంది. చల్లని రోలు మీద పడగానే పాలిమర్ ఒక దిక్కు, నూనె ఒక దిక్కు విడిపోయి గట్టిపడతాయి. ఆ మందపాటి పలకను వేడి చేసి నిలువుగా, అడ్డంగా లాగుతారు. చివరకు నూనెను ద్రావణితో కడిగేస్తే, నూనె ఉన్న చోటు రంధ్రంగా మిగులుతుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి! గొలుసులను కదిలించడానికి తెచ్చిన నూనే, పోతూ పోతూ అయాన్లకు దారులు వదిలి వెళ్తోంది. 1970ల చివర నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా ఇదే పాలిఎథిలీన్‌ను ద్రావణంలో పలచబరచి, దారంగా తీసి, బాగా లాగి అసాధారణమైన బలం సాధించారు. డైనీమా అనే పేరుతో వచ్చే బలమైన తాళ్ళు ఆ దారిలో పుట్టినవే. చిక్కులు పలచబడితే గొలుసులు తెగకుండా విచ్చుకొని ఒక వరుసలోకి వస్తాయి, వరుసలోకి వచ్చిన గొలుసులే అసలైన బలం. అలాగని నూనె ఇష్టం వచ్చినంత పోయకూడదు. చిక్కులు మరీ తగ్గితే లాగినప్పుడు గొలుసులు జారిపోతాయే తప్ప ఒకదానినొకటి పట్టుకోవు. చాలా చోట్ల అత్యధిక అణుభార రకాన్ని మామూలు రకంతో కలిపి వాడేదీ ఇందుకే. పొడవాటివి బలం మోస్తాయి, పొట్టివి నడకకు సాయపడతాయి.

అప్పు అన్నాను కదా, దానికి వడ్డీ ఉంది. నూనెను కడగడానికి ఎక్కువగా వాడేది డైక్లోరోమీథేన్. 40 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది కాబట్టి పొర నుండి సులువుగా పోతుంది. కానీ అది మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దాని వాడకాలను చాలావరకు నిషేధించింది. విద్యుత్ వాహనాల బ్యాటరీ సెపరేటర్ల తయారీ వంటి కొన్నింటిని మాత్రం కార్మికుల రక్షణకు కఠినమైన షరతులు పెట్టి కొనసాగనిచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గోదావరి పాయలూ కాలువలూ చేపల చెరువులూ అల్లుకున్న ఈ నేల మీద ఎవరైనా తడి పద్ధతి కర్మాగారం పెడతామని వస్తే, పొర బలం ఎంత అని కాదు, కడిగిన ద్రావణిలో ఎంత వంతు తిరిగి పట్టుకుంటారని ముందు అడగండి. ఇంజనీర్లు కాబోతున్న మీరే అడగాలి.

ద్రావణి లేని పద్ధతి లేదా? ఉంది. దానిని పొడి పద్ధతి అంటారు. ఎక్కువగా పాలిప్రొపిలీన్‌తో చేస్తారు. కరిగిన పాలిమర్‌ను డై నుండి వేగంగా లాగితే లోపలి స్ఫటికాలు వరుసలుగా పేర్చినట్టు ఏర్పడతాయి. తరువాత కొంతసేపు వేడిలో ఉంచి, ఆ వరుసలకు ఎదురుగా లాగితే వాటి మధ్య సన్నని పగుళ్ళు తెరుచుకుంటాయి. ఆ పగుళ్ళే రంధ్రాలు. నూనె లేదు, కడగడం లేదు. ఖర్చు తక్కువ, గాలికీ నీటికీ బెడద తక్కువ. మరి లోపం ఎక్కడ? ఈ అరటాకు చూడండి, ఇక్కడి భోజనశాల నుండే తెచ్చాను. ఈనెల వెంట చిన్న గాటు పెట్టి లాగితే జర్రున అంచు దాకా చీరుతుంది. ఈనెలకు అడ్డంగా చీరబోతే మొరాయిస్తుంది. పొడి పద్ధతి పొర కూడా అంతే. నిలువునా బలం, అడ్డంగా లాగితే ఆ బలంలో పదో వంతుకు దగ్గర. అయినా చుట్టే యంత్రం లాగేది నిలువునే కాబట్టి, కాస్త మందంగా చేసుకుంటే ఎన్నో బ్యాటరీలకు ఇది చక్కగా సరిపోతుంది. పల్చదనం ప్రాణమైన ఫోన్లకు తడి పద్ధతి కావచ్చు. మన ఈ-ఆటోకు, చెరువు గట్టు మీద సోలారు పలకకు పెట్టే బ్యాటరీకి పొడి పద్ధతి పొరను చిన్నచూపు చూడవలసిన పని లేదు.

ఇంకొక చిక్కు ఉంది, వేడి. పొరను ఎంత లాగితే అంత బలం వస్తుంది. కానీ లాగిన గొలుసు ఊరుకోదు, వేడి తగలగానే మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. సెల్ లోపల పొర ముడుచుకుంటే అంచుల దగ్గర ధ్రువాలు తగులుకుంటాయి. అందుకే 90 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా నూటికి 5 వంతుల కంటే ఎక్కువ ముడుచుకోకూడదన్న నియమం. లాగిన తరువాత బిగించి పట్టి వేడి చూపించి, ఆ ఆరాటాన్ని తగ్గిస్తారు. అక్కడా కొంత బలం వదులుకోవాలి. మరోవైపు, వేడికి కరగడం ఒక్కోసారి మేలే చేస్తుంది. పాలిఎథిలీన్ 130 డిగ్రీల ప్రాంతంలో కరిగి రంధ్రాలు మూసుకుపోతే, అయాన్ల నడక ఆగి సెల్ తనంతట తానే నిద్రపోతుంది. అప్పుడు పొర రూపం చెడకుండా నిలవాలి. కరిగినా పారిపోని ఆ జిగటతనం పొడవాటి గొలుసులదే. ఎక్స్‌ట్రూడర్‌లో నన్ను ఏడిపించిన చిక్కదనమే ఇక్కడ ప్రాణాలు కాపాడుతుంది. పాలిప్రొపిలీన్ 165 డిగ్రీల దాకా కరగదు కాబట్టి, మధ్యలో పాలిఎథిలీన్, రెండు పక్కలా పాలిప్రొపిలీన్ పెట్టి మూడు పొరలుగా చేసేవారూ ఉన్నారు.

ఈ మధ్య ఎక్కువగా చేస్తున్నది మరొకటి. పొర మీద రెండు మూడు మైక్రాన్ల అల్యూమినా పూత పూస్తారు. సన్నని పింగాణీ పొడి అనుకోండి. వేడికి నిలబడే పని పూతది, లాగుడుకు ఆగే పని పొరది. బాధ్యత పంచుకోవడం వల్ల అడుగు పొరను యంత్రానికి లొంగే రకంతో చేసుకునే వీలు దొరుకుతుంది. కానీ ఆ పూత తేమను పీల్చుకుంటుంది. తేమ ఎలక్ట్రోలైటులోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటుతో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది సెల్‌ను లోపలి నుండి తినేస్తుంది. వానాకాలంలో డబ్బా మూత తెరిచి పెట్టిన పూతరేకు ఎంతసేపట్లో మెత్తబడుతుందో మీకు తెలుసు. అదే గాలి ఇక్కడి కర్మాగారంలోకీ వస్తుంది. సున్నాకు 40 డిగ్రీలు కింద దాకా చల్లార్చినా తేమ బయటపడనంత పొడి గాలి సెల్ బిగించే గదిలో ఉండాలి. సముద్రపు ఒడ్డున అది ఎంత కరెంటు తింటుందో ముందే లెక్క వేసుకోవాలి.

మూడో వరుసలో నుండి ఒక తమ్ముడు చీటీ పంపాడు: కొబ్బరి పీచుతో సెపరేటర్ చేయలేమా అని. మంచి ప్రశ్న, కోనసీమలో పుట్టవలసిన ప్రశ్నే. సెల్యులోజుతో సెపరేటర్లు చేయవచ్చు. అది వేడికి ముడుచుకోదు, ఎలక్ట్రోలైటును వెంటనే పీల్చుకుంటుంది. అయితే బాబూ, ఒక్క పీచు పోగే 100 మైక్రాన్లు దాటి ఉంటుంది, మన పొర మొత్తం 12. కాబట్టి పీచులోని పోగులను అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని తీసేసి, సెల్యులోజును నానోమీటర్ల సన్నదనానికి విడదీయాలి. విడదీసిన పోగులను నీటిలో కలిపి పొరగా ఆరబెడితే, నీరు పోతున్నకొద్దీ అవి ఒకదానినొకటి గట్టిగా లాక్కొని అతుక్కుంటాయి. పొర బలంగానే వస్తుంది, రంధ్రాలే మూసుకుపోతాయి. రంధ్రాలు నిలవాలంటే నీటికి బదులు అంత గట్టిగా లాగని మరో ద్రవంతో ఆరబెట్టాలి. ఆ ద్రవం ఏది, ఎంత, దానిని తిరిగి ఎలా పట్టుకోవాలి, మిగిలిన తేమను ఎలా వదిలించాలి? నువ్వు ప్రాజెక్టుగా తీసుకుంటానంటే నా దగ్గర ఉన్న కొలత పరికరం ఇస్తాను. నిర్ణీత ఒత్తిడిలో 100 మిల్లీలీటర్ల గాలి ఒక చదరపు అంగుళం పొర దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అది చెబుతుంది. ముందు ఆ అంకె తెచ్చి చూపించు, తరువాత బలం సంగతి మాట్లాడుకుందాం.

రెండు రకాల పొరల ముక్కలు ఇప్పుడు మీ వరుసల్లోకి పంపుతున్నాను. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చీరి చూడండి. ఏది తడి పద్ధతిదో, ఏది పొడి పద్ధతిదో ముక్క వెనుక రాసి నాకు తిరిగి ఇవ్వండి.